ధ్రువ సముద్రపు చీకట్లో జంతుప్లవకాలను శబ్దంతో వెతకడం ఎలా?

జనవరిలో నార్వేకి ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లోని కాంగ్స్‌ఫ్యోర్డ్ అనే ఇరుకు సముద్రపాయ ఒడ్డున మిట్టమధ్యాహ్నం నిలబడినా, నెత్తిన లైటు లేకపోతే కాళ్ళ కింది మంచు కనబడదు. ఈ చోటు దాదాపు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్టోబర్ చివర్లో అస్తమించిన సూర్యుడు మళ్ళీ ఫిబ్రవరి మధ్యలో గానీ పొడవడు. అంత చీకటి, అంత చలి ఉన్నప్పుడు నీళ్ళలో పురుగూ పుట్రా అడుగుకి చేరి కదలకుండా పడి ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. నీళ్ళ కింద శబ్దంతో వెతికే పరికరాలు ఏడాది పొడుగునా అక్కడే ఉండడం మొదలయ్యాక ఆ నమ్మకం చెదిరింది. ఆ చీకట్లో కూడా జంతుప్లవకాలు, అంటే నీటి వాలుకు కొట్టుకుపోయే చిన్న జీవులు, రోజూ పైకీ కిందికీ తిరుగుతున్నాయని 2009లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది.

ఆ పని ఎలా చేస్తారో మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. మెరైన్ బయాలజీ, ఓషనోగ్రఫీ చదువుతున్న మన పిల్లలు ఇది తమకు అందని విద్య అనుకోవద్దు. కాంగ్స్‌ఫ్యోర్డ్ ఒడ్డునే ఉన్న న్యూ ఓలెసుండ్‌లో 2008 నుంచి మన దేశానికి హిమాద్రి అనే కేంద్రం ఉంది. 2014 జూలైలో అదే ఫ్యోర్డ్‌లో ఇండార్క్ అనే మూరింగ్‌ని (లంగరు వేసి నీళ్ళలో నిలిపి ఉంచే పరికరాల తాడుని) చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ, గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం కలిసి దించాయి. అది నీటి వేడిమి, ఉప్పదనం, ప్రవాహాలు కొలవడానికి వేసినది. మీ ప్రాజెక్టు అక్కడికే వెళ్ళవచ్చు.

ముందు ప్రశ్నను కాగితం మీద పెట్టండి

"ప్లవకాల మీద పని చేస్తాను" అంటే సరిపోదు. శబ్దం ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో తెలుసుకుని ప్రశ్న రాయండి. జీవులు ఏ లోతులో ఉన్నాయి, ఎప్పుడు కదిలాయి, నిన్నటికంటే ఎక్కువా తక్కువా అన్నవి అది బాగా చెబుతుంది. అవి ఏ జాతివి, ఎంత కొవ్వు పట్టాయి, గుడ్లు పెట్టాయా అన్నవి చెప్పదు.

ఉదాహరణకి, ఉత్తర సముద్రాల ఆహార గొలుసులో మూలస్తంభం కలానస్ అనే కోపెపాడ్, రొయ్యలకు చుట్టమైన అతి చిన్న జీవి. ఇందులో గ్లేసియాలిస్ అనే జాతి ధ్రువ ప్రాంతానిది, కాస్త పెద్దది, నూనె బాగా నింపుకుంటుంది. ఫిన్‌మార్కికస్ అనేది అట్లాంటిక్ నీళ్ళతో వచ్చేది, చిన్నది. వెచ్చని అట్లాంటిక్ నీళ్ళు లోపలికి చొచ్చుకొచ్చేకొద్దీ రెండోది పెరుగుతోంది. పెద్దదాన్ని తిని పిల్లల్ని సాకే లిటిల్ ఆక్ అనే చిన్న సముద్రపక్షికి ఇది తిండి సమస్య. ఎంతో ముఖ్యమైన ప్రశ్నే, కానీ శబ్దం ఈ రెండు జాతుల్నీ విడదీయలేదు. కొలిచి చూసినా వాటి పొడవులు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి కాబట్టి డీఎన్‌ఏ పరీక్షే దిక్కు. మీ ప్రశ్న ఇదైతే వలకూ ల్యాబ్‌కూ పెద్దపీట వేసి, శబ్దాన్ని తోడుగా పెట్టుకోండి. "క్రిల్ గుంపులు (చిన్న రొయ్యల్లాంటి జీవులు) శీతాకాలంలో ఏ లోతులో ఉంటాయి" అన్నది మీ ప్రశ్న అయితే శబ్దాన్ని మించిన సాధనం లేదు.

ఏ జీవికి ఏ ఫ్రీక్వెన్సీ

మన హార్బర్లలో మరబోట్ల వాళ్ళు వాడే ఫిష్ ఫైండర్, పరిశోధన నౌకలో ఉండే ఎకో సౌండర్ ఒకే పని చేస్తాయి. కిందికి ఒక పింగ్ పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని వింటాయి. తేడా అంతా కొలతలోని ఖచ్చితత్వంలో ఉంది, ఎంత సన్నటి శబ్దం వాడుతున్నామన్నదాంట్లో ఉంది.

చల్లని సముద్రంలో శబ్దం సెకనుకు సుమారు 1450 మీటర్లు వెళుతుంది. దాన్ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. 38 కిలోహెర్ట్జ్‌కి అది 38 మిల్లీమీటర్లు, 120కి 12, 200కి 7, 455కి 3 చిల్లర. మీరు వెతికే కలానస్ పొడవు 3, 4 మిల్లీమీటర్లే. తరంగం కంటే జీవి బాగా చిన్నదైతే తరంగం దాన్ని పట్టించుకోకుండా దాటిపోతుంది. అలాంటి చోట ఫ్రీక్వెన్సీ రెట్టింపు చేస్తే ప్రతిధ్వని బలం 16 రెట్లు పెరుగుతుంది. అలాగని అన్నిటికీ పెద్ద ఫ్రీక్వెన్సీ పెట్టుకుంటే కుదరదు, ఎందుకంటే అది నీళ్ళలో త్వరగా ఇంకిపోతుంది. 38 కిలోహెర్ట్జ్ శబ్దం కిలోమీటరు లోతుదాకా పనికొస్తుంది. 120 అయితే 250 మీటర్లు, 200 అయితే 150 మీటర్ల చుట్టుపక్కల ఆగుతుంది. 455 కొన్ని పదుల మీటర్లే. అందుకే ఒక్క ఫ్రీక్వెన్సీతో సరిపెట్టకుండా వీలైనన్ని కలిపి వాడండి.

సైజు ఒక్కటే చూస్తే మోసపోతారు. జీవి దేనితో తయారైందన్నది అంతకంటే ముఖ్యం. కోపెపాడ్, క్రిల్ ఒళ్ళు సాంద్రతలో సముద్రపు నీటికి చాలా దగ్గర. నీళ్ళ తొట్టిలో నీళ్ళ సంచి ముంచితే కంటికి ఎలా ఆనదో, శబ్దానికి ఇవీ అలాగే ఆనీ ఆననట్టు ఉంటాయి. లిమాసినా అనే రెక్కల నత్తకు గట్టి గుల్ల ఉంది, కాబట్టి గట్టిగా పలుకుతుంది. జెల్లీచేపల చుట్టాలైన సైఫనోఫోర్లలో కొన్నింటికి చిన్న గాలిబుడగ ఉంటుంది. పోలార్ కాడ్ చేపకు గాలితిత్తి ఉంది. గాలి ఉన్నదేదైనా నీళ్ళలో శబ్దానికి గంట కొట్టినట్టే. 1994లో ఒక పరిశోధక బృందం లెక్కగట్టి చూస్తే, ఒకే బరువు మీద గుల్ల ఉన్న నత్తల ప్రతిధ్వని శక్తి, జెల్లీలాంటి సాల్ప్‌ల ప్రతిధ్వని కంటే సుమారు 19,000 రెట్లు ఎక్కువ వచ్చింది. ఈ ఒక్క అంకెను గుర్తు పెట్టుకుంటే, తెర మీద ఎర్రగా మెరిసిన ప్రతి మచ్చనూ "ఇక్కడ ప్లవకాలు విపరీతం" అని రాసే తప్పు చేయరు.

పరికరాన్ని ఎక్కడ పెట్టాలి

నౌక అడుగున అమర్చిన ఎకో సౌండర్‌తో చాలా దూరం తిరిగి చూడొచ్చు. దాని లోపం పైపొరలో ఉంది. శబ్దాన్ని పంపి, తిరిగి వినే భాగమైన ట్రాన్స్‌డ్యూసరే నీటికి కొన్ని మీటర్ల కింద ఉంటుంది, దాని దగ్గరి కొంత దూరం కొలతకు పనికిరాదు. మొత్తం మీద పై 10, 15 మీటర్లు కనబడవు. వేసవిలో ఉత్తర సముద్రాల్లో జీవులు చాలావరకు ఆ పొరలోనే మేస్తుంటాయి.

దీనికి విరుగుడు మూరింగ్. అడుగున బరువైన లంగరు, దాని పైన అకౌస్టిక్ రిలీజ్, తాడు, తాడు నిటారుగా నిలబడడానికి తేలుడు బంతులు, మధ్యలో ఆకాశం వైపు చూసేలా బిగించిన పరికరం. ఏడాది తర్వాత నౌకలో వచ్చి ఒక శబ్ద సంకేతం పంపితే రిలీజ్ కొక్కెం విడిపోయి పరికరం పైకి తేలుతుంది. రిలీజ్‌లు రెండు పక్కపక్కన పెట్టండి. ఒకటి మొరాయిస్తే ఏడాది డేటా నీటిపాలవుతుంది, రెండోదానికయ్యే ఖర్చు దానిముందు ఏపాటి? తాడు పైకొసను మరీ నీటిమట్టానికి దగ్గరగా ఉంచవద్దు. కాంగ్స్‌ఫ్యోర్డ్ లోపలి కొసలో హిమానీనదాల నుంచి విరిగిన మంచుగడ్డలు కొట్టుకొస్తుంటాయి, వాటి అడుగు భాగం తగిలితే పరికరం మిగలదు.

మూరింగ్‌లో పెట్టదగిన పరికరాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ఒకేసారి నాలుగు ఫ్రీక్వెన్సీల దాకా వాడే చిన్న ఎకో సౌండర్. కెనడాలో తయారయ్యే ఏజెడ్‌ఎఫ్‌పీ ఇలాంటిదే, అందులో 125, 200, 455, 769 కిలోహెర్ట్జ్ జోడింపు బాగా వాడుకలో ఉంది. రెండోది ఏడీసీపీ. ఇది అసలు ప్రవాహాల వేగం కొలవడానికి పుట్టింది. నీటితో కొట్టుకుపోయే రేణువుల నుంచి, ప్లవకాల నుంచి వచ్చే ప్రతిధ్వనిని బట్టి నీటి వేగం చెబుతుంది. అంటే ప్లవకాల సమాచారం అందులో ఊరికే పడి ఉంటుంది. చేతిలో డబ్బు తక్కువ ఉన్న విద్యార్థికి నేను చెప్పేది ఒకటే, ఎవరో ప్రవాహాల కోసం వేసిన ఏడీసీపీ డేటా అడిగి తీసుకోండి. కాంగ్స్‌ఫ్యోర్డ్ ప్లవకాల గురించి తొలిరోజుల్లో తెలిసిన మంచి విషయాలు ఏడీసీపీ డేటా నుంచే వచ్చాయి. మన తీరాల్లో వేసిన ఏడీసీపీల డేటాతోనూ ఇలాంటి పని జరిగింది. దాని పరిమితి మాత్రం మరిచిపోవద్దు. 300 కిలోహెర్ట్జ్ ఏడీసీపీకి ఉన్నది ఒక్కటే గొంతు. "ఏదో ఉంది, కదులుతోంది" అంటుంది తప్ప క్రిల్లో కోపెపాడో తేల్చదు.

బయలుదేరే ముందు

స్వాల్‌బార్డ్‌లో పని చేయాలంటే ప్రాజెక్టును రిసెర్చ్ ఇన్ స్వాల్‌బార్డ్ పోర్టల్‌లో నమోదు చేసి, అక్కడి గవర్నర్ కార్యాలయం అనుమతి అవసరమైన పనులకు అనుమతి తీసుకోవాలి. న్యూ ఓలెసుండ్ రేడియో నిశ్శబ్ద ప్రాంతం, అంతరిక్ష సంకేతాలు వినే అబ్జర్వేటరీ అక్కడ ఉంది. మీ పరికరంలో బ్లూటూత్ గానీ మరో రేడియో గానీ ఉంటే ముందే చెప్పి అనుమతి తీసుకోండి. ఊరి పొలిమేర దాటితే ధ్రువపు ఎలుగుబంటి భయం ఉంటుంది, తుపాకీ వాడడంలో శిక్షణ ఉన్న మనిషి తోడు లేకుండా కదలొద్దు.

చలిలో బ్యాటరీ సామర్థ్యం పడిపోతుంది. ఎన్ని నిమిషాలకోసారి పింగ్ చేయాలి, ఏడాదికి ఎంత కరెంటు కావాలి అన్న లెక్క సున్నా డిగ్రీలకు వేసుకుని, దాని మీద కొంత మిగులు చూసుకోండి.

గడియారం గురించి గట్టిగా చెబుతున్నాను. పరికరాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయానికి పెట్టండి. మన ల్యాప్‌టాప్‌లు భారత కాలంలో ఉంటాయి, పరికరాన్ని దానికి కలిపి "సింక్" నొక్కితే 5 గంటల 30 నిమిషాల తేడా ఏడాది పొడుగునా డేటాలో కూర్చుంటుంది. నా మొదటి డేటాలో ఇదే జరిగింది. జీవులు పొద్దుగుంకాక కాకుండా పట్టపగలు పైకి వస్తున్నట్టు కనబడితే కొత్త విషయం కనిపెట్టానని రెండు వారాలు సంబరపడ్డాను. దించేటప్పటి సమయం, తీసేటప్పటి సమయం నోటుబుక్‌లో చేత్తో రాసి ఉండబట్టే తప్పు దొరికింది. ఆ రెండు సమయాలూ మీరూ చేత్తో రాసుకోండి.

గోళంతో కాలిబ్రేషన్

ఇది నిదానంగా చేయాల్సిన పని, తొందరపడితే అన్నీ వృథా. ఎకో సౌండర్ ఇచ్చే అంకె సరైనదో కాదో తెలియాలంటే, ఎంత ప్రతిధ్వని ఇవ్వాలో ముందే తెలిసిన వస్తువును దాని ముందు వేలాడదీయాలి. దానికి వాడేది టంగ్‌స్టన్ కార్బైడ్ గోళం, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు. నిమ్మకాయంత ఉంటుంది కానీ చేతిలోకి తీసుకుంటే ఆ బరువుకి ఆశ్చర్యపోతారు.

గాలి తక్కువగా ఉన్న రోజు చూసి, ఫ్యోర్డ్‌లో నీళ్ళు నిలకడగా ఉన్నచోట నౌకను లంగరు వేయించండి. నౌక రెండు పక్కలా మూడు చోట్ల చేపల గాలానికి వాడే రీళ్ళు బిగించి, మూడు సన్నటి నైలాన్ దారాలతో గోళాన్ని ట్రాన్స్‌డ్యూసర్ కింద కనీసం 10, 15 మీటర్ల లోతున నిలపండి. నీళ్ళలోకి వదిలే ముందు గోళాన్ని, దాని ముడినీ గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్ళలో ముంచండి. పొడిగా దించితే దాని ఒంటికి చిన్న గాలిబుడగలు అంటుకుంటాయి, ఆ బుడగలే గోళం కంటే ఎక్కువ పలుకుతాయి. ముట్టుకోవాలంటే గ్లవుజు వేసుకోండి, వేళ్ళ జిడ్డు కూడా బుడగల్ని పట్టేస్తుంది.

ఇక ఒకరు తెర ముందు కూర్చుని చెబుతుంటే, ముగ్గురు మూడు రీళ్ళ దగ్గర అంగుళం అంగుళం తిప్పుతూ గోళాన్ని శబ్దపుంజం అంతటా నడిపించాలి. మధ్యలో, అంచుల్లో, నాలుగు పక్కలా. సున్నా కింద 10 డిగ్రీల చలిలో ఆ రీలు పట్టుకుని గంటలు నిలబడడం మాటలు కాదు, అరగంటకోసారి మనుషుల్ని మార్చండి. ప్రతి ఫ్రీక్వెన్సీకీ, మీరు సర్వేలో వాడబోయే అదే పవర్‌తో, అదే పల్స్ నిడివితో చేయాలి. చెన్నైలోనో గోవాలోనో వెచ్చని నీళ్ళలో చేసిన కాలిబ్రేషన్ ఇక్కడికి పట్టుకొస్తే చెల్లదు. ట్రాన్స్‌డ్యూసర్ గుణం వేడిమితో మారుతుంది.

నీటి లెక్క సరిచూడండి

ఎకో సౌండర్ తెరిచిన ప్రతిచోటా సీటీడీ అనే పరికరం దించి ఉప్పదనం, వేడిమి, లోతు కొలవండి. ఇది ఎందుకో ఒక లెక్కతో చూపిస్తాను. పరికరంలో శబ్దవేగం 1500 అని ఉండిపోయి, నిజంగా నీటిలో 1445 ఉంటే, 200 మీటర్ల లోతున ఉన్న గుంపు దాదాపు 208 మీటర్ల దగ్గర ఉన్నట్టు కనబడుతుంది. మీరు వల మూసే లోతు తప్పుతుంది.

శబ్దం ఇంకిపోయే రేటు ఇంకా ముఖ్యం. 120 కిలోహెర్ట్జ్ శబ్దం 10 డిగ్రీల నీటిలో కిలోమీటరుకు 37 డెసిబెల్స్ చొప్పున తగ్గితే, సున్నా దగ్గర 28 చొప్పునే తగ్గుతుంది. పాత అంకెను వదిలేస్తే 200 మీటర్ల లోతుకి రానూ పోనూ కలిపి 3.6 డెసిబెల్స్ తప్పు. అంటే అక్కడున్న జీవుల్ని రెట్టింపు కంటే ఎక్కువ చేసి చూపిస్తున్నారన్నమాట.

దీపాలు ఆర్పండి

ధ్రువ రాత్రిలో పని చేసేవాళ్ళు దీన్ని నియమంగా పాటించాలని నా కోరిక. నెలల తరబడి చీకటికి అలవాటుపడిన కళ్ళవి. నౌక డెక్ లైట్లకు చేపలు, ప్లవకాలు 200 మీటర్ల లోతులో కూడా తమ నడవడిక మార్చుకుంటున్నాయని 2020లో ప్రచురించిన కొలతలు చెబుతున్నాయి. కాబట్టి లైట్లు వేసుకుని కొలిచింది అక్కడి జీవుల మామూలు బతుకు కానే కాదు, మన లైటుకి బెదిరిన జీవుల పరుగు.

చేయాల్సింది ఇది. స్టేషన్‌కి చేరకముందే కెప్టెన్‌తో మాట్లాడి, రక్షణకు తప్పనిసరైన దీపాలు తప్ప అన్నీ ఆర్పించండి. గదుల కిటికీలకు తెరలు వేయించండి. డెక్ మీద ఎర్ర లైటు వాడుకోవచ్చని చాలామంది అనుకుంటారు, కానీ ఎర్ర లైటుకీ జీవులు తప్పుకుంటున్నట్టు కొలతల్లో తేలింది. ఆ తర్వాత కాసేపు ఆగి కొలత మొదలుపెట్టండి. మూరింగ్‌కి ఈ బాధ లేదు, అది ఒంటరిగా చీకట్లో ఉంటుంది. అది మూరింగ్‌కి ఉన్న పెద్ద బలం.

నౌకలోని ఇతర సౌండర్లు కూడా మీ రికార్డింగ్‌లో అడ్డుగీతలు గీస్తాయి. అవసరం లేనివి ఆపించండి, ఆపలేనివాటిని ఒకదాని తర్వాత ఒకటి పింగ్ చేసేలా కలపండి. తిమింగలాలు, ముఖ్యంగా బెలూగాలు దగ్గర్లో కనబడితే పరికరం ఆపేయండి. మనం వాడే శబ్దాల్లో 38, 120 కిలోహెర్ట్జ్ లాంటివి వాటికి వినబడతాయి.

వల వేయకుండా ఏదీ నమ్మొద్దు

శబ్దం చూపిన పొరలో నిజంగా ఏముందో చెప్పేది వలే. కోపెపాడ్‌లకు డబ్ల్యూపీ2 వల చాలు. దాని మూతి 0.25 చదరపు మీటర్లు, కన్ను 200 మైక్రాన్ల చుట్టుపక్కల. 50 మీటర్లు నిలువుగా లాగితే సుమారు 12.5 ఘనపు మీటర్ల నీరు వడకట్టినట్టు. లోతుల వారీగా కావాలంటే మల్టీనెట్ వాడండి, ఒక్కో వలను కావలసిన లోతులో తెరిచి మూయవచ్చు. ఎకోగ్రామ్‌లో, అంటే ప్రతిధ్వనుల్ని లోతు వారీగా చూపే బొమ్మలో, పొర 60 నుంచి 90 మీటర్ల మధ్య కనబడితే, వలను కూడా అక్కడే తెరిచి అక్కడే మూయండి. అలవాటుగా 0-50, 50-100 అని వేస్తే పొర రెండు వలల్లోకి చీలిపోతుంది.

క్రిల్‌తో జాగ్రత్త. వాటికి పెద్ద కళ్ళున్నాయి, చిన్న వల వస్తుంటే పక్కకు తప్పుకుంటాయి. డబ్ల్యూపీ2లో రెండే క్రిల్ పడ్డాయని "ఇక్కడ క్రిల్ లేవు" అని రాయకండి. ఎమ్‌ఐకే వలో, టకర్ ట్రాలో లాంటి పెద్దమూతి వల లాగి చూడండి.

పట్టినదాన్ని 4 శాతం ఫార్మాల్డిహైడ్‌లో భద్రపరిచే ముందు, కొన్నింటిని ప్రాణంతో ఉండగానే మైక్రోస్కోపు కింద పెట్టి చూడండి. పని తొందరలో ఈ ఒక్క నిమిషం వదులుకోవద్దు. కలానస్ ఒళ్ళు గాజులా ఉంటుంది. దాని పొడుగునా నూనెసంచి ఒకటి, నెయ్యి పోసిన గొట్టంలా మెరుస్తూ కనబడుతుంది. శరద్రుతువులో అది ఒంట్లో సగానికి పైగా ఆక్రమిస్తుంది. శీతాకాలమంతా ఈ నూనె మీదే బతుకుతుంది. పక్కన రెండు పొడుగాటి మీసాలు, చివర కుచ్చులతో. శబ్దానికి సరిగ్గా దొరకని జీవి ఎలా ఉంటుందో ఒకసారి కంటితో చూసినవాళ్ళు తర్వాత అంకెలతో పని చేసేటప్పుడు మరింత జాగ్రత్తగా ఉంటారు.

పొడవులు కొలిచి పట్టిక రాయండి. ఆ పొడవులు లేకుండా తర్వాతి లెక్క సాగదు.

డేటా శుభ్రం చేయడం

ముందు అడుగు గీత, దాని కింద ఉన్నదంతా తీసేయండి. మూరింగ్ అయితే పైన నీటిమట్టం లేదా మంచు గీత తీయాలి. శబ్దపుంజం 20 డిగ్రీలు వాలి ఉండే ఏడీసీపీలో నీటిమట్టానికి దగ్గరి 6 శాతం దూరం పనికిరాదు, అంటే 100 మీటర్ల లోతులో పెట్టినదానికి పై 6 మీటర్లు పోతాయి. గాలి వీచిన రోజుల్లో అలలు కలిపిన బుడగలు పైన మబ్బులా కనబడతాయి, వాటిని ప్లవకాలనుకోవద్దు. దూరం పెరిగేకొద్దీ యంత్రంలోని సొంత గోల కూడా పెద్దదై కనబడుతుంది. ఏమీ లేని లోతులో ఆ గోలను కొలిచి తీసివేయండి.

ఏడీసీపీ ఇచ్చే అంకెలు డెసిబెల్స్‌లో ఉండవు, కౌంట్స్‌లో ఉంటాయి. ఒక కౌంట్ దాదాపు 0.45 డెసిబెల్స్, కానీ ఒక్కో పుంజానికీ ఈ గుణకం వేరు. తయారీదారు ఇచ్చిన అంకె తీసుకుని, దూరం, శోషణ, వేడిమి, బ్యాటరీ పవర్ లెక్కలోకి తెచ్చే సూత్రం 1999 నుంచి వాడుకలో ఉంది, దాని ప్రకారమే మార్చండి. ఏడాది చివర బ్యాటరీ బలహీనపడుతుంది. ఆ దిద్దుబాటు చేయకపోతే జీవులు తగ్గిపోయాయని గ్రాఫ్ అబద్ధం చెబుతుంది.

అంకెల నుంచి జీవుల దాకా

డెసిబెల్ లాగరిథమ్ కొలత. 10 పెరిగితే 10 రెట్లు, 20 పెరిగితే 100 రెట్లు. అందుకే డెసిబెల్స్‌ని నేరుగా సగటు చేయకూడదు. మైనస్ 60, మైనస్ 80 సగటు మైనస్ 70 అని రాసినవాళ్ళు చాలామంది. మామూలు అంకెల్లోకి మార్చి సగటు తీసి మళ్ళీ వెనక్కి మారిస్తే వచ్చేది మైనస్ 63.

ఇప్పుడు అసలు లెక్క. ఊహకు అంకెలు తీసుకుందాం. ఒక్కో క్రిల్ ప్రతిధ్వని మైనస్ 80 డెసిబెల్స్, ఒక చిన్న పోలార్ కాడ్ ప్రతిధ్వని మైనస్ 50. మీ ఎకోగ్రామ్‌లో ఒక పొర మైనస్ 70 చూపిస్తోంది. అక్కడున్నవన్నీ క్రిల్ అయితే ఘనపు మీటరుకు 10 ఉన్నట్టు. చేపపిల్లలైతే 100 ఘనపు మీటర్లకు ఒక్కటే ఉన్నట్టు. మీరు వలతో తేల్చుకోకపోతే ఈ రెండింట్లో ఏది నిజమో ఆ అంకె ఎప్పటికీ చెప్పదు.

దీన్ని కొంత తేల్చడానికి ఫ్రీక్వెన్సీల మధ్య తేడా చూస్తారు. రెండు సెంటీమీటర్ల క్రిల్ 38 కంటే 120లో గట్టిగా పలుకుతుంది. గాలితిత్తి ఉన్న చేప 38లో కూడా గట్టిగానే పలుకుతుంది. కోపెపాడ్‌లు 200, ఆ పైన గానీ బయటపడవు. 120లో వచ్చినదాని నుంచి 38లో వచ్చినది తీసివేసి, ఆ తేడా ఏ హద్దుల్లో ఉంటే క్రిల్ అనాలో నిర్ణయించండి. అంటార్కిటికా క్రిల్‌కి వాడే 2 నుంచి 16 డెసిబెల్స్ హద్దును తెచ్చి ఇక్కడ అతికించవద్దు. అక్కడి క్రిల్ 6 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఇక్కడి థైసనోయెస్సా అనే క్రిల్ చాలావరకు అందులో సగం కూడా ఉండదు. మీ వలలో పడిన పొడవులతో మీ హద్దు మీరే కట్టుకోండి.

గ్రాఫ్‌లో కాలాన్ని చదవడం

ఏడాది డేటాని ఒకే బొమ్మగా వేయకండి, నెలల వారీగా విడదీసి చూడండి. ఆగస్టు చివరి నుంచి రాత్రీ పగలూ స్పష్టంగా విడిపడ్డాక, పొర సాయంత్రం పైకి, తెల్లారేసరికి కిందికి దిగడం గీత గీసినట్టు కనబడుతుంది. అర్ధరాత్రి కూడా సూర్యుడుండే జూన్, జూలైల్లో ఆ గీత చెదిరిపోతుంది. జీవులు కదలడం ఆపవు, ఎవరికి వారు తమ ఆకలిని బట్టి తిరుగుతుంటే గుంపుగా కదిలే గీత రాదు. గీత లేదు కాబట్టి కదలిక లేదని రాస్తే తప్పు. ఏడీసీపీ కొలిచే నిలువు వేగాన్ని కూడా చూస్తే ఆ విడివిడి కదలిక బయటపడుతుంది.

డిసెంబర్, జనవరి పేజీకి వచ్చినప్పుడు 24 గంటల లయతో ఆగకండి, 24.8 గంటల లయ కోసం కూడా వెతకండి. అది చంద్రుడి రోజు. సూర్యుడు లేని శీతాకాలంలో ఆర్కిటిక్ ప్లవకాలు చంద్రుడి ఉదయాస్తమయాల్ని బట్టి కదులుతున్నాయని, పున్నమి రోజుల్లో పై పొరలోవి 50 మీటర్ల దాకా దిగిపోతున్నాయని 2016లో వచ్చిన పరిశోధన చూపింది. వెన్నెట్లో వేటాడే కళ్ళ నుంచి దాక్కోవడమే అందుకు కారణమని పరిశోధకుల అభిప్రాయం. మీ గ్రాఫ్ కింద చంద్రుడి ఎత్తు, కళ ఒక గీతగా వేసుకోండి. మబ్బు పట్టిన రోజుల్ని వాతావరణ రికార్డుతో పోల్చండి.

ఇదంతా నేర్చుకోవడానికి నౌక ఎక్కేదాకా ఆగనక్కర్లేదు. అమెరికా సముద్ర పరిశోధన సంస్థ నోవా తన నౌకల ఎకో సౌండర్ ఫైళ్ళను ఎవరైనా దించుకునేలా ఉచితంగా పెట్టింది. వాటిని తెరవడానికి పైథాన్‌లో ఎకోపైప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అలాస్కా వైపు నుంచి ఒకే ఒక్క రోజు ఫైలు తీసుకోండి. 38, 120 పక్కపక్కన పెట్టి, ఆ రోజు ఆ చోట సూర్యాస్తమయం ఎప్పుడో వెతికి, ఆ సమయం దగ్గర నిలువు గీత గీయండి. ఆ గీతకు అటూ ఇటూ గంటసేపు ఏ పొర ఏ ఫ్రీక్వెన్సీలో కదిలిందో కాగితం మీద మీ మాటల్లో రాసి, ఆ తర్వాతే రెండో ఫైలు తెరవండి.